పై అంతస్తు షవర్‌లో నీళ్లు ఎందుకు సన్నగా వస్తాయి?

ట్యాంకు నెత్తి మీదే ఉంటుంది. అయినా పై వాటా షవర్‌లో నీళ్లు సన్నగా కారతాయి, కింది వాటాలో జోరుగా వస్తాయి. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

నీళ్లను తోసేది పైనున్న నీళ్ల బరువే. బొంతలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అన్నిటికంటే అడుగుదే ఎక్కువ నలుగుతుంది కదా, అలాగన్నమాట! ట్యాంకులో నీటిమట్టం షవర్ కంటే 10 మీటర్లు పైన ఉంటే ఒత్తిడి సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే కొలమానం). ఎత్తు 2 మీటర్లే అయితే అందులో అయిదో వంతే!

అందుకే ట్యాంకు నుంచి దిగే పైపుకు ప్రెషర్ పంపు పెడతారు. లోపల రెక్కల చక్రం గిరగిరా తిరిగి నీళ్లను అంచులకు విసురుతుంది. ఆ ఊపే ఒత్తిడిగా మారుతుంది. కుళాయి తిప్పగానే చాలా పంపులు వాటంతటవే ఆన్ అవుతాయి, కట్టేస్తే ఆగుతాయి.

మరీ పెద్ద పంపు మాత్రం వద్దు. పైపుల అతుకులు, గీజరు పాడవుతాయి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు నడిస్తే పంపే పాడవుతుంది.

అసలు పంపు కొనేముందు షవర్ మూత విప్పి చూడండి. బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుని రంధ్రాలు మూసుకుపోయాయేమో! అదే కారణమైతే నిమ్మరసంలో నానబెట్టి తోమితే సరి, పంపుతో పనే లేదు.