మన కాకినాడ సముద్రంలో చమురు పడింది, మరి షేరు కొనేయొచ్చా? ఓఎన్‌జీసీ ఇన్‌కమ్ స్టేట్‌మెంట్ చదవడం నేర్చుకుందాం

ఈరోజు ఎపిసోడ్ ఉప్పాడ బీచ్ రోడ్డు మీద నుంచి చేస్తున్నాను. వెనకాల కెరటాల సౌండ్ వస్తే ఏమీ అనుకోకండి.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో ముందు చెప్తాను. మా పిన్నిగారి అబ్బాయి ఇక్కడే ఉంటాడు. ఇంట్లో జాంధానీ మగ్గం ఉంది, బాబాయిగారు నేస్తారు. వాడు కాకినాడలో ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లలో అరవై వేలు దాచాడు. చెల్లి కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బు అది. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, మన సముద్రంలోనే ఆయిల్ తీస్తున్నారంట కదా, ఆ కంపెనీ షేరు మొత్తం డబ్బు పెట్టి కొనేస్తాను, ఏమంటావ్?" అన్నాడు. ఎక్కడ విన్నావురా అంటే, ఫోన్లో ఏదో గ్రూపులో వచ్చిందన్నాడు. లెక్క ఏమైనా చూశావా అంటే, "లెక్క ఏముంది, ఆయిల్ పడింది కదా" అన్నాడు.

వార్త నిజమే. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ వాళ్లు కేజీ బేసిన్‌లోని 98/2 బ్లాక్ నుంచి మొదటిసారి చమురు తీశారు. కాకినాడ తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరం. కానీ చమురు పడటం వేరు, కంపెనీకి లాభం రావడం వేరు, ఆ లాభం ఏటా నిలబడటం ఇంకా వేరు. ఈ మూడింటికీ మధ్య ఏం జరుగుతుందో చెప్పేదే ఇన్‌కమ్ స్టేట్‌మెంట్. లాభనష్టాల ఖాతా అన్నమాట.

పేరు చూసి భయపడకండి. ఇక్కడ బోటు మీద వేటకెళ్లే ఏ అన్నయ్యనడిగినా ఈ ఖాతా నోటితో చెప్పేస్తాడు. ఎన్ని కేజీలు పడ్డాయి, రేవులో కేజీ ఎంత పలికింది, రెండూ గుణిస్తే ఆదాయం. అందులోంచి డీజిలు, ఐసు, కళాసీల వాటా తీసెయ్యాలి. ఇంజను అరుగుదలకి కొంత పక్కన పెట్టాలి. అప్పు చేసి ఉంటే వడ్డీ కట్టాలి. మిగిలింది లాభం. ఆయిల్ కంపెనీ లెక్క కూడా ఇంతే. డీజిలు బదులు బావుల ఖర్చు ఉంటుంది, ప్రభుత్వానికి కట్టే రాయల్టీ, సెస్సు పెద్దగా ఉంటాయి.

సరే, నంబర్లలోకి వెళ్దాం. ఓఎన్‌జీసీ స్టాండలోన్ లెక్కలు, అంటే హెచ్‌పీసీఎల్ లాంటి అనుబంధ కంపెనీలు కలపకుండా. పెన్ను, పేపరు తీసుకోండి. ముందు ఆదాయం చెప్తాను, తర్వాత నికర లాభం, రెండూ కోట్లలో, సుమారుగా.

2019-20: ఆదాయం 96,200, లాభం 13,400.
2020-21: ఆదాయం 68,100, లాభం 11,200.
2021-22: ఆదాయం 1,10,300, లాభం 40,300.
2022-23: ఆదాయం 1,55,500, లాభం 38,800.
2023-24: ఆదాయం 1,38,400, లాభం 40,500.
2024-25: ఆదాయం 1,37,800, లాభం 35,600.

మా తమ్ముడు చివరి మూడు నాలుగు లైన్లు చూసి "సూపర్ కదన్నయ్యా" అన్నాడు. ఒక్క ఏడాది చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆరేళ్లు వరసగా పెడితేనే ప్రశ్నలు పుడతాయి. 2020-21 నుంచి 2021-22కి లాభం మూడున్నర రెట్లు ఎలా అయింది? తీసిన చమురు మూడున్నర రెట్లు పెరిగిందా? లేదండి. పాత బావులు కదా, ఉత్పత్తి ఏళ్లుగా నెమ్మదిగా తగ్గుతూనే వచ్చింది. మారింది ధర. 2020-21లో బ్యారెల్‌కి కంపెనీ చేతికొచ్చింది సుమారు 43 డాలర్లు. కోవిడ్ టైమ్ అది. మరుసటి ఏడాది దాదాపు 77. ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధం, సుమారు 92.

అందుకని మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ఆదాయం పెరిగింది ధర వల్లా, సరుకు వల్లా? చేపలు అన్నే పడి రేటు పెరిగితే ఆ ఏడాది బాగుంటుంది. కానీ రేటు మన చేతిలో లేదు. వచ్చే ఏడాది పడిపోతే మనం చేయగలిగింది ఏమీ లేదు.

రెండో విషయం, ఒక్కసారి వచ్చిన డబ్బు. ఉప్పాడ వాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఈ ఒడ్డునే జనం ఇసుకలో బంగారం రేణువుల కోసం వెతికారు, కొంతమందికి దొరికాయి కూడా. దొరికినవాడు "నా నెల సంపాదన ఇంత" అని బంగారం కలిపి చెప్పి అప్పు అడిగితే మీరిస్తారా? ఇవ్వరు. కంపెనీ లెక్కలో కూడా ఇసుకలో బంగారం ఉంటుంది.

2021 జులై-సెప్టెంబరు క్వార్టర్‌లో ఓఎన్‌జీసీ లాభం 18,347 కోట్లు. పెద్ద హెడ్‌లైన్ అది. కానీ కంపెనీ అప్పుడు తక్కువ రేటు ఉన్న కొత్త ట్యాక్స్ పద్ధతికి మారింది. దాంతో ముందుముందు కట్టాలని రాసుకున్న ట్యాక్స్ భారం తగ్గి, లెక్కలో 8,500 కోట్ల పైచిలుకు ఒక్కసారిగా కలిసింది. అది తీసేస్తే 2021-22 లాభం 40 వేల కోట్లు కాదు, 32 వేల కోట్లకి దగ్గర.

దీనికి ఉల్టా కూడా ఉంటుంది. 2020 జనవరి-మార్చి క్వార్టర్‌లో కంపెనీకి 3,098 కోట్ల నష్టం. ఆయిల్ ధర కూలిపోవడంతో ఆస్తుల విలువ తగ్గించి 4,899 కోట్లు ఖర్చు రాశారు. దాన్ని ఇంపెయిర్‌మెంట్ అంటారు. 2023 జనవరి-మార్చిలో మళ్లీ 248 కోట్ల నష్టం. ఈసారి రాయల్టీ మీద సర్వీస్ ట్యాక్స్, జీఎస్టీ కట్టాలా వద్దా అన్న వివాదం కోసం 12,107 కోట్లు పక్కన పెట్టారు. ఆ క్వార్టర్ ఒక్కటే చూసినవాడు కంపెనీ మునిగిపోతోంది అనుకుంటాడు. ఆ ఏడాది మొత్తం లాభం చూస్తే 38,800 కోట్లు ఉంది.

మూడోది, ప్రభుత్వం వాటా. 2022-23 లైను మళ్లీ చూడండి. ఆదాయం 41 శాతం పెరిగింది, లాభం మాత్రం తగ్గింది! మార్జిన్, అంటే వంద రూపాయల ఆదాయంలో మిగిలింది, 36 నుంచి 25కి పడింది. ఎందుకు? ఇందాకటి 12 వేల కోట్లు ఒక కారణం. ముందు ఏడాది కలిసిన ట్యాక్స్ లాభం ఈసారి లేకపోవడం ఇంకో కారణం. మూడోది, 2022 జులై 1 నుంచి కేంద్రం వేసిన విండ్‌ఫాల్ ట్యాక్స్. మొదట్లో టన్నుకి 23,250 రూపాయలు. ఆయిల్ రేటు పెరిగి కంపెనీకి అదనంగా వచ్చేదాంట్లో ప్రభుత్వం వాటా తీసుకుంది. 2024 డిసెంబరులో ఎత్తేశారు.

ఇంకా వెనక్కి వెళ్తే ఆశ్చర్యపోతారు. 2013-14లో కంపెనీ అమ్మకం ధర బ్యారెల్ 106 డాలర్లు. డీజిలు, గ్యాస్ బండ, కిరోసిన్ సబ్సిడీ భారంలో వాటా కింద డిస్కౌంట్ ఇవ్వగా చేతిలో మిగిలింది సుమారు 41. ఆ ఒక్క ఏడాది ఇచ్చిన డిస్కౌంట్ 56,384 కోట్లు. ఆ ఏడాది లాభం 22 వేల కోట్లు. పదేళ్ల తర్వాత 2023-24లో ధర 81 డాలర్లే, లాభం 40 వేల కోట్లు. డాలరు 60 రూపాయల నుంచి 83కి చేరడం కూడా దీనికి సాయం చేసింది. టీవీలో చెప్పే ఆయిల్ రేటు చూసి లాభం ఊహించకండి. చేతికి ఎంత వచ్చిందో అది చూడండి.

గ్యాస్ కూడా అంతే. పాత ఫీల్డుల గ్యాస్ ధర ప్రభుత్వ ఫార్ములా ప్రకారం 2020 అక్టోబరులో 1.79 డాలర్లు, రెండేళ్లకి 8.57. 2023 ఏప్రిల్‌లో కొత్త ఫార్ములా వచ్చి మొదట 6.5 డాలర్ల దగ్గర సీలింగ్ పెట్టారు.

నాలుగోది, మన కాకినాడ బ్లాక్ సంగతి. మొదటి చమురు వచ్చిన తర్వాత పూర్తి ఆర్థిక సంవత్సరం 2024-25. ఆ ఏడాది ఆదాయం ఎంత పెరిగింది? పెరగలేదు. బ్యారెల్ ధర 81 నుంచి 77కి తగ్గింది, లాభం 12 శాతం పడింది. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. సముద్రంలో వేల కోట్లు పెట్టి బావులు, పైపులు వేస్తారు. ఉత్పత్తి మొదలవ్వనంత కాలం ఆ ఖర్చు లాభనష్టాల ఖాతాలోకి రాదు. మొదలైన రోజు నుంచి కొద్దికొద్దిగా వస్తుంది. డిప్లీషన్ అంటారు, అంటే బోటు ఇంజను అరుగుదల లాంటిదే. అలాగే తవ్వితే ఏమీ పడని బావుల ఖర్చు కూడా ఈ ఖాతాలోనే రాసేస్తారు. కాబట్టి కొత్త బ్లాక్ అనగానే లాభం మర్నాడే పొంగిపోదు.

ఇదే సముద్రంలో రిలయన్స్ కేజీ-డీ6 కథ తెలుసు కదా. 2002లో దొరికింది, 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. గాడిమొగలో ఒడ్డుకి చేరింది. 2010లో రోజుకి 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటింది. తర్వాత వేగంగా పడిపోయి, మొదటి పెద్ద ఫీల్డులు డీ1, డీ3 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. తర్వాత పక్క ఫీల్డుల నుంచి ఉత్పత్తి మళ్లీ పెరిగింది, అది వేరే సంగతి. భూమిలో ఎంత ఉందన్నది అంచనా. ఖాతాలోకి ఎంత వచ్చిందన్నదే లెక్క.

పోల్చేటప్పుడు రెండు తప్పులు చెయ్యకండి. ఒకటి, స్టాండలోన్‌ని కన్సాలిడేటెడ్‌తో కలపడం. 2018 జనవరిలో ఓఎన్‌జీసీ హెచ్‌పీసీఎల్‌లో 51 శాతం వాటా 36,915 కోట్లకి కొంది. అందుకే గ్రూపు మొత్తం ఆదాయం ఇప్పుడు ఆరు లక్షల కోట్లు దాటి కనిపిస్తుంది. అందులో పెట్రోల్ బంకుల అమ్మకం ఎక్కువ, మార్జిన్ తక్కువ. రెండోది, ఒక్కో షేరు లాభాన్ని సర్దకుండా పోల్చడం. 2016 డిసెంబరులో రెండు షేర్లకి ఒక బోనస్ షేరు ఇచ్చారు. పాత ఏళ్ల అంకె సర్దకపోతే లాభం తగ్గినట్టు తప్పుగా కనిపిస్తుంది. క్వార్టర్లు కూడా నిరుటి అదే క్వార్టర్‌తో చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న రోజుల్ని డిసెంబరుతో పోలిస్తే అర్థం ఉందా?

ఇదంతా ఫోన్లోనే చూడొచ్చండి. కంపెనీ వెబ్‌సైట్‌లో, స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లలో యాన్యువల్ రిపోర్టులు ఫ్రీ. అయితే ఒక్క మాట: ఈ ఖాతా లాభం చెప్తుంది, చేతిలో నగదు ఎంత ఉంది, అప్పెంత అన్నది చెప్పదు. దానికి క్యాష్ ఫ్లో, బ్యాలెన్స్ షీట్ చూడాలి. అది వచ్చే ఎపిసోడ్‌లో.

మా తమ్ముడు ఏం చేశాడంటారా? ఇద్దరం బాబాయిగారి మగ్గం పక్కన కూర్చుని పదేళ్ల లెక్క నోట్‌బుక్‌లో రాశాం. ధర, సరుకు, ప్రభుత్వం వాటా, ఒక్కసారి వచ్చినవి, మిగిలింది. ఒక్కో ఏడాదికి ఒక్కో లైను. బాబాయిగారు పనాపి చూసి, "చీర బాగుందో లేదో ఒక్క పువ్వు చూసి చెప్పలేం రా, పొడుగంతా విప్పాలి" అన్నారు. వాడు ఫీజు డబ్బు ముట్టుకోలేదు. జీతంలోంచి నెలకి కొంచెం పక్కన పెట్టి, ముందు నేర్చుకుంటానన్నాడు. షేరు కొంటాడా లేదా అన్నది వాడిష్టం.

నేను కొనమనీ చెప్పట్లేదు, వద్దనీ చెప్పట్లేదు. నేను రిజిస్టర్డ్ సలహాదారుని కాదు. మీరు చూసే ఏ కంపెనీ అయినా సరే, ఒక్క ఏడాది కాదు, కనీసం ఆరేళ్లు వరసగా రాయండి. ఏ లైను ఎందుకు మారిందో మీ మాటల్లో చెప్పగలిగితేనే డబ్బు గురించి ఆలోచించండి. చెప్పలేకపోతే ఆగండి, తప్పేం లేదు.

ఉంటానండి మరి. చీకటి పడుతోంది, కెరటాలు రోడ్డు మీదకొచ్చేస్తున్నాయి.