టై అయితే ఇద్దరూ లోపలికే.. 14 గెలిచినా ఐదో సీడే! ఎన్ఎఫ్ఎల్ ఆఖరి వారంలో అసలేం జరుగుతుంది?

2022 జనవరి 9, ఆదివారం రాత్రి. లాస్ వెగాస్‌లోని అల్లీజియంట్ స్టేడియం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆ సీజన్‌కి ఇదే చిట్టచివరి లీగ్ మ్యాచ్. రైడర్స్, చార్జర్స్ తలపడుతున్నాయి. ఆట అదనపు సమయానికి వెళ్లింది. స్కోరు 32-32. గడియారంలో ఇంకా 38 సెకన్లు మాత్రమే ఉన్నాయి.

ఇక్కడే ఉంది అసలు ట్విస్ట్. ఇద్దరూ ఏమీ చేయకుండా టైం గడిపేస్తే చాలు.. మ్యాచ్ టై అవుతుంది, రెండు జట్లూ ప్లే ఆఫ్స్‌కి వెళ్లిపోతాయి. అప్పటికే తమ మ్యాచ్ గెలిచేసి ఈ ఫలితం కోసం ఎదురుచూస్తున్న పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మాత్రం ఇంటికే!

సరిగ్గా అప్పుడే చార్జర్స్ కోచ్ బ్రాండన్ స్టేలీ టైమ్ అవుట్ అడిగాడు. చూస్తున్నవాళ్లంతా తలలు పట్టుకున్నారు. టై కావాల్సిన జట్టు గడియారం ఆపడమేంటి? రైడర్స్ పరుగును అడ్డుకోవడానికి సరైన ఆటగాళ్లను దింపాలనే ఆపానని ఆయన తర్వాత వివరణ ఇచ్చాడు. కానీ ఆ వెంటనే రైడర్స్ ఆటగాడు జోష్ జాకబ్స్ బంతితో 10 గజాలు దూసుకెళ్లాడు. చివరి సెకన్లలో డేనియల్ కార్ల్‌సన్ 47 గజాల దూరం నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు. 35-32. రైడర్స్ లోపలికి, చార్జర్స్ బయటికి. స్టీలర్స్ ఊపిరి పీల్చుకుంది.

టైతో సరిపెట్టుకోకుండా రైడర్స్ ఎందుకు కొట్టింది?

పంతం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. టై అయితే రైడర్స్‌కి దక్కేది ఏడో సీడ్. అంటే ప్లే ఆఫ్స్ మొదటి మ్యాచే కాన్సస్ సిటీ చీఫ్స్‌తో, అదీ వాళ్ల గడ్డ మీద. అదే సీజన్‌లో చీఫ్స్ చేతిలో రైడర్స్ 41-14తో ఒకసారి, 48-9తో మరోసారి చిత్తయింది. గెలిస్తే ఐదో సీడ్, ప్రత్యర్థి సిన్సినాటి బెంగాల్స్. లోపలికి వెళ్లడమే కాదు, ఏ తలుపు గుండా వెళ్తున్నామన్నది కూడా ముఖ్యమే అన్నమాట. (చివరికి బెంగాల్స్ చేతిలోనూ 26-19తో ఓడిపోయింది, అది వేరే విషయం.)

అసలు ఇంత దూరం రావడానికి కారణం ఇంకో జట్టు. అదే రోజు మధ్యాహ్నం ఇండియానాపోలిస్ కోల్ట్స్ గెలిస్తే చాలు, ప్లే ఆఫ్స్ బెర్త్ ఖాయం. ప్రత్యర్థి ఎవరు? అప్పటికి 16 మ్యాచ్‌ల్లో కేవలం 2 గెలిచిన జాక్సన్‌విల్ జాగ్వార్స్. ఆ జట్టు చేతిలో కోల్ట్స్ 26-11తో ఓడింది! దాంతో స్టీలర్స్‌కి దారి తెరుచుకుంది.

ఫార్మాట్ ఏంటి?

ఐపీఎల్‌లో పది జట్లకీ ఒకటే పాయింట్ల పట్టిక. ఎన్ఎఫ్ఎల్‌లో అలా కాదు. మొత్తం 32 జట్లు. ఏఎఫ్‌సీ, ఎన్ఎఫ్‌సీ అని రెండు కాన్ఫరెన్సులు, ఒక్కోదాంట్లో 16 జట్లు. మళ్లీ ఒక్కో కాన్ఫరెన్సులో నాలుగు జట్ల చొప్పున నాలుగు డివిజన్లు. సెప్టెంబర్ నుంచి జనవరి మొదటి వారం వరకు 18 వారాల్లో ఒక్కో జట్టు 17 మ్యాచ్‌లు ఆడుతుంది. 17 మ్యాచ్‌ల పద్ధతి 2021లో వచ్చింది, అంతకుముందు 16.

ఒక్కో కాన్ఫరెన్సు నుంచి ఏడేసి జట్లు, మొత్తం 14 ప్లే ఆఫ్స్‌కి వెళ్తాయి. డివిజన్ విజేతలు నలుగురికీ 1 నుంచి 4 సీడ్లు. మిగిలినవాళ్లలో మెరుగైన ముగ్గురికి 5, 6, 7 సీడ్లు.. వీళ్లనే వైల్డ్ కార్డ్ జట్లు అంటారు. నంబర్ వన్ సీడ్‌కి మొదటి రౌండ్ ఆడే పనే లేదు. మిగతా వాటిలో రెండుతో ఏడు, మూడుతో ఆరు, నాలుగుతో ఐదు ఆడతాయి. మెరుగైన సీడ్ ఉన్న జట్టు సొంతూరులోనే మ్యాచ్.

ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల్లో ఉంటే ఒక మ్యాచ్ ఓడినా ఇంకో ఛాన్స్ ఉంటుంది కదా.. ఇక్కడ అదేమీ లేదు. ఓడితే బ్యాగు సర్దుకోవడమే. అందుకే ఆ ఒక్క వారం విశ్రాంతి కోసం అంత పోటీ.

సమానంగా ఉంటే? నెట్ రన్ రేట్ లాంటిదానికి మొదటి పీట ఇక్కడ లేదు. ముందు చూసేది ఒకరినొకరు ఎన్నిసార్లు ఓడించారన్నదే. వెగాస్ మ్యాచ్ టై అయితే స్టీలర్స్ బయటికి పోవాల్సింది కూడా ఇందుకే. మూడు జట్లకీ 9 గెలుపులు, 7 ఓటములు, ఒక టై ఉండేవి. ఆ సీజన్‌లో రైడర్స్, చార్జర్స్ రెండూ స్టీలర్స్‌ని ఓడించాయి మరి. లెక్కలు ఎన్ని వేసినా తేలకపోతే చిట్టచివరి మెట్టు ఏంటో తెలుసా? టాస్!

14 గెలిచి కూడా..

ఇక 2024 సీజన్ సంగతి చూద్దాం. 2025 జనవరి 5న డెట్రాయిట్‌లో లయన్స్, మినెసోటా వైకింగ్స్ తలపడ్డాయి. రెండూ ఒకే డివిజన్. రెండింటికీ 14 గెలుపులు, 2 ఓటములు. గెలిచినవాళ్లకి నంబర్ వన్ సీడ్, విశ్రాంతి. ఓడినవాళ్లకి ఐదో సీడ్. మధ్యలో ఇంకేమీ లేదు.

లయన్స్ ఆటగాడు జహ్మీర్ గిబ్స్ నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. లయన్స్ 31-9తో గెలిచింది. 14 మ్యాచ్‌లు గెలిచి వైల్డ్ కార్డ్‌గా వెళ్లిన తొలి జట్టుగా వైకింగ్స్ మిగిలింది. వాళ్లకంటే నాలుగు మ్యాచ్‌లు తక్కువ గెలిచిన లాస్ ఏంజెలిస్ రామ్స్‌కే హోం మ్యాచ్ దక్కింది, ఎందుకంటే రామ్స్ తన డివిజన్ గెలిచింది. లాస్ ఏంజెలిస్‌లో కార్చిచ్చు కారణంగా ఆ మ్యాచ్‌ను అరిజోనాకు మార్చారు. అయినా వైకింగ్స్ రాత మారలేదు. 27-9తో ఓడిపోయింది.

ఇది అన్యాయం కాదా? అనే వాదన పాతదే. 2010లో సియాటెల్ సీహాక్స్ 7 గెలిచి 9 ఓడినా డివిజన్ టాపర్‌గా ప్లే ఆఫ్స్‌కి వెళ్లింది. 10 గెలిచిన న్యూయార్క్ జెయింట్స్, టాంపా బే బక్కనీర్స్ ఇంట్లో కూర్చున్నాయి. చిత్రం ఏంటంటే, ఆ సీహాక్స్ డిఫెండింగ్ ఛాంపియన్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌ని 41-36తో ఓడించింది కూడా. 2025లో సీడింగ్‌ను గెలుపుల ఆధారంగా మార్చాలని ప్రతిపాదన తెచ్చింది ఎవరో కాదు, వైకింగ్స్‌ని ఓడించిన లయన్సే. తర్వాత ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంది.

అంత కష్టపడి సంపాదించిన నంబర్ వన్ సీడ్ లయన్స్‌కి కలిసొచ్చిందా అంటే.. లేదు. వారం విశ్రాంతి తర్వాత సొంత మైదానంలోనే ఆరో సీడ్ వాషింగ్టన్ కమాండర్స్ చేతిలో 45-31తో ఓడింది.

పక్కోడి మ్యాచ్ మీద ఆశలు

ఆఖరి వారంలో ఇంకో తలనొప్పి కూడా ఉంది. సీడ్ ఖాయమైన జట్లు తమ స్టార్లకు గాయాలు కాకుండా రెస్ట్ ఇస్తాయి. 2025 జనవరిలో వరుసగా 5 మ్యాచ్‌లు గెలిచిన బెంగాల్స్‌కి, డెన్వర్ బ్రాంకోస్ ఓడితేనే ఆశ. బ్రాంకోస్‌ని ఓడించాల్సింది చీఫ్స్. కానీ అప్పటికే నంబర్ వన్ సీడ్ దక్కించుకున్న చీఫ్స్, పాట్రిక్ మహోమ్స్‌ని కూర్చోబెట్టింది. ఫలితం 38-0.. బ్రాంకోస్ లోపలికి, బెంగాల్స్ బయటికి. రూల్ ప్రకారం తప్పేమీ లేదు, బెంగాల్స్ అభిమానులకే మండింది.

అడుగున ఉన్న జట్లకైతే లెక్క పూర్తిగా రివర్స్. ఎక్కువ ఓడిన జట్టుకే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక, అంటే కాలేజీ ఆటగాళ్లలో బెస్ట్‌ని తీసుకునే అవకాశం. 2023 జనవరి 8న హ్యూస్టన్ టెక్సన్స్ ఓడితే ఆ ఛాన్స్ వాళ్లదే. చివరి నిమిషంలో అద్భుతం చేసి కోల్ట్స్‌పై 32-31తో గెలిచేశారు. మొదటి ఎంపిక షికాగో బేర్స్‌కి వెళ్లింది. టెక్సన్స్ కోచ్ లవీ స్మిత్ ఉద్యోగం అదే రాత్రి పోయింది. ఆఖరి వారం ముగిసిన మర్నాడే కోచ్‌లను వరుసగా తీసేస్తుంటారు కాబట్టి, ఆ రోజుని అమెరికాలో 'బ్లాక్ మండే' అని పిలుస్తారు.

మన టైం ప్రకారం ఎప్పుడు?

అమెరికాలో ఉన్న మనవాళ్లతో ఫోన్‌లో ఈ కబుర్లు వింటూ చూడాలనుకునేవాళ్లకు చిన్న లెక్క. అక్కడ తూర్పు రాష్ట్రాల్లో ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంట అంటే చలికాలంలో మనకు రాత్రి 11.30. వాళ్ల ఆదివారం రాత్రి మ్యాచ్ మనకు సోమవారం ఉదయం 7 గంటలకు కాస్త ముందు మొదలవుతుంది. లీగ్ దశ ముగిశాక మొదట వైల్డ్ కార్డ్ రౌండ్‌లో 6 మ్యాచ్‌లు, తర్వాత డివిజనల్ రౌండ్‌లో 4, ఆపై రెండు కాన్ఫరెన్సు ఫైనల్స్. ఫిబ్రవరిలో జరిగే సూపర్ బౌల్ మనకు సోమవారం తెల్లవారుజామున 5 గంటలకు.