ఫ్రాన్సు దేశమున రేడియో గుత్తాధికారము

వార్తలు చెప్పు హక్కు ఎవరి చేతిలో నుండవలెను? ఈ ప్రశ్న ఫ్రాన్సు దేశమును నలువది సంవత్సరములు వేధించినది. ఆ చరిత్ర నేడు మీకు సంగ్రహముగా మనవి చేయుదును.

రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము అచ్చట ప్రభుత్వ రేడియో నిలయములతో పాటు వర్తకుల నిలయములును గలవు. 1940లో జర్మనులు దేశము నాక్రమింపగా పారిస్ నగరపు రేడియో శత్రువుల వశమయ్యెను. ప్రజలు తలుపులు మూసికొని, లండనునుండి వచ్చు ఫ్రెంచి ప్రసారములను రహస్యముగా వినుచుండిరి. జనరల్ డిగాల్ ఆ సంవత్సరము జూన్ 18వ తేదీన తన పిలుపు నచ్చటినుండియే వినిపించెను. రేడియో శత్రువు చేజిక్కినచో నెంత కీడు కలుగునో దేశము కన్నులార చూచెను. కావున విముక్తి పిమ్మట, 1945లో, ప్రసారహక్కు నంతయు ప్రభుత్వమే గైకొనెను.

అయినను రేడియో తరంగములకు పొలిమేరలు లేవు. లక్సెంబర్గునుండి యొక నిలయమును, 1955 మొదలు జర్మను సరిహద్దునందలి సార్ ప్రాంతమునుండి ‘యూరప్ 1’ అను నిలయమును, ప్రకటనల రాబడితో, ఫ్రెంచి భాషలో ప్రసారము చేయుచుండెను. ఇంతలో బ్యాటరీతో పనిచేయు చిన్న ట్రాన్సిస్టరు రేడియోలు వచ్చెను. అంతవరకు ఇంటిల్లిపాదియు నొక్క పెట్టె చుట్టు కూర్చుండి వినెడివారు. ఇప్పుడు పడుచువారు తమకు నచ్చిన పాటలు తమ గదిలోనే వినసాగిరి. 1963 జూన్ 22వ తేదీ రాత్రి యూరప్ 1 వారు పారిస్ లో నేర్పరచిన పాటకచేరికి లక్షకు పైగా యువజనులు వచ్చిరి.

1961 ఏప్రిల్ నెలలో అల్జీరియాలోని నలుగురు సేనాపతులు ప్రభుత్వముపై తిరుగబడిరి. 23వ తేదీ రాత్రి అధ్యక్షుడు డిగాల్ ప్రసంగించి, వారి ఆజ్ఞలను పాటింపవలదని సైనికులను శాసించెను. నిర్బంధ సైనికసేవలో నున్న యువకులు ట్రాన్సిస్టర్లలో ఆ మాటలు వినిరి. పెక్కుమంది సేనాపతులకు తోడ్పడరైరి. కొలది దినములలోనే తిరుగుబాటు కూలెను.

1968 మే నెలలో పారిస్ విద్యార్థులు ఆందోళన చేసినప్పుడు ప్రభుత్వ టెలివిజను తొలిదినములలో ఆ సంగతులను చాలవరకు మరుగుపరచెను. సరిహద్దు నిలయముల విలేకరులు వీధులనుండియే సమాచారము లందించిరి. జనులు ట్రాన్సిస్టర్లలో ఆ నిలయములనే వినిరి. తుదకు ప్రభుత్వ ప్రసార సంస్థలోని విలేకరులే సమ్మె చేసిరి.

ఏడేండ్ల క్రిందట ప్రభుత్వమును గాపాడిన ఆ చిన్నపెట్టెయే నేడు దాని నిరుకున బెట్టెను. తొలిసారి ప్రభుత్వము ప్రజలకు సూటిగా మాట చెప్పెను. రెండవసారి మాట దాచెను. ఆ ప్రసార సంస్థ 1974లో రద్దయ్యెను. 1982 జూలై 29వ తేదీ శాసనముతో గుత్తాధికారము ముగిసెను.

జరిగిన సంగతి మనము చెప్పకున్నచో వినువాడు దానిని వేరొకచోట వినును. పిమ్మట మన నిజమునుగూడ నమ్మడు. ఇంటి పెద్దకును, ఊరి పెద్దకును ఇది తెలిసినదే. రాజ్యమునకును ధర్మ మిదియే.