బాక్టీరియా నిరోధక హైడ్రోజెల్ కట్టు

బాక్టీరియా నిరోధక హైడ్రోజెల్ కట్టు అనగా నీటిని అధికంగా ఇముడ్చుకొన్న మెత్తని జెల్‌లో బాక్టీరియాను చంపే పదార్థాన్ని చేర్చి గాయంపై వేసే కట్టు. మధుమేహ రోగుల పాదాలపై ఏర్పడే మొండి పుండ్ల కోసం దీనిపై విస్తృతంగా పరిశోధనలు జరుగుతున్నాయి.

మధుమేహ పుండు మానకపోవడానికి కారణాలు

మధుమేహం చాలాకాలం అదుపులో లేకపోతే పాదాలలోని నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. చెప్పులో మేకు గుచ్చుకొన్నా రోగికి తెలియదు. రక్తనాళాలు ఇరుకైనందువలన గాయానికి రక్తం చాలినంతగా అందదు. చక్కెర అధికంగా ఉన్న రక్తంలో తెల్ల రక్తకణాలు కూడా చురుకుగా పనిచేయలేవు. ఇటువంటి పుండులో స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుజినోసా వంటి బాక్టీరియాలు చేరి, తమ చుట్టూ బయోఫిల్మ్ అనే జిగట పొరను కట్టుకొంటాయి. ఈ పొర చాటున ఉన్న బాక్టీరియా యాంటీబయోటిక్ మందులకు సులభంగా లొంగదు.

చరిత్ర

గాయం ఎండితేనే మానుతుందని పూర్వం భావించేవారు. తడి ఆరకుండా కప్పి ఉంచిన గాయంపై కొత్త చర్మం దాదాపు రెండు రెట్లు వేగంగా పెరుగుతుందని 1962లో జార్జి వింటర్ పందులపై జరిపిన ప్రయోగాలలో తేలింది. అంతకు రెండేళ్ళ ముందే, 1960లో, చెకోస్లొవేకియాకు చెందిన ఒట్టో విక్టెర్లె, ద్రహోస్లావ్ లిమ్ శరీరంలో వాడదగిన హైడ్రోజెల్‌ను గురించి ప్రకటించారు. మెత్తని కాంటాక్టు లెన్సులు దాని నుండే వచ్చాయి.

పనిచేసే విధానం

హైడ్రోజెల్‌లో పాలిమర్ గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి వలవలె ఉంటాయి. ఆ వల కన్నులలో నీరు నిలుస్తుంది. ఈ తేమ వలన ఎండిన మృతకణజాలం మెత్తబడి ఊడివస్తుంది. కట్టు మార్చేటప్పుడు గాజుగుడ్డవలె పుండుకు అంటుకొని బాధించదు. అయితే చీము, రసి ఎక్కువగా కారే పుండుకు ఇది తగదు. చుట్టూ ఉన్న చర్మం నాని చెడిపోతుంది.

బాక్టీరియాను చంపడానికి వెండి అయానులు, అయొడిన్ వంటివి కలుపుతారు. రొయ్యల, పీతల పెంకుల నుండి తీసే కైటోసాన్‌తో జెల్‌నే తయారు చేయవచ్చు. దాని ధనావేశం బాక్టీరియా పొరను దెబ్బతీస్తుంది. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును చేర్చడం మరొక పద్ధతి. ఇది పుండులోని చక్కెరనే గ్లూకోనిక్ ఆమ్లంగా, హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుస్తుంది. అనగా బాక్టీరియాకు ఆహారమైన చక్కెర నుండే దానిని చంపే రసాయనం పుడుతుంది. తేనెకు గల బాక్టీరియా నిరోధక గుణానికి కూడా కొంతవరకు ఈ ఎంజైమే కారణం.

పరిమితులు

ఈ కొత్త జెల్‌ల ఫలితాలలో అధికభాగం ఎలుకలపై లభించినవే. ఎలుకల గాయం ముఖ్యంగా చర్మం ముడుచుకొనడం వలన మూసుకొంటుంది, మనిషి పాదంలో అలా జరగదు. మధుమేహ పాద పుండ్లు మానడానికి బాక్టీరియా నిరోధక కట్లను వాడవద్దని అంతర్జాతీయ మధుమేహ పాద కార్యబృందం 2023 మార్గదర్శకాలలో సూచించింది. కుళ్ళిన కండను తొలగించడం, పుండుపై శరీరభారం పడకుండా చూడడం, అవసరమైతే కాలికి రక్తప్రసరణను పునరుద్ధరించడం చికిత్సలో ప్రధానమైనవి. ఎముకకు సోకినప్పుడు నోటి ద్వారా గాని, నరం ద్వారా గాని యాంటీబయోటిక్‌లు ఇస్తారు. కొందరికి శస్త్రచికిత్స కూడా అవసరమవుతుంది.