విదేశయానమున స్త్రీల చేతిసంచి

బిడ్డలను జూడ విదేశములకేగు తల్లులలో పలువురు తమ పాస్‌పోర్టును, క్రెడిట్ కార్డును భర్తవద్దనో కుమారునివద్దనో యుంచి నిశ్చింతగా నుందురు. మేమును ఒకప్పు డట్లే చేసితిమి. రద్దీలో వారు కనుమఱుగైనచో మన మెవరమని చూపగలము? జపానులో యాత్రికులు పాస్‌పోర్టును సదా వెంట నుంచుకొనవలయునని చట్టమే కలదు.

కార్డు విదేశములలో చెల్లునట్లు ముందే బ్యాంకున ఏర్పాటు చేసికొనుడు. 2020 అక్టోబరు నుండి మన దేశమున నిచ్చు క్రొత్త కార్డుల కది మనము కోరినగాని కలుగదు. అచ్చటి దుకాణమున రూపాయలలో చెల్లింతురా యని యడిగిన నొల్లక, ఆ దేశపు ద్రవ్యముననే చెల్లింపుడు; మార్పిడి పేర వారు గొను సొమ్ము తరచు హెచ్చు.

పాస్‌పోర్టు నకలును వేఱొకచోట దాచుడు. అసలు పోయినచో పోలీసులకు దెలిపి, భారత రాయబార కార్యాలయమున కేగిన, వారు విచారించి స్వదేశము చేరుటకు అత్యవసర పత్రము నిత్తురు. ఎవరి పత్రములు వారి చేతిసంచిలోనే యుండవలయునని మా మనవి.