బొమ్మ మీద నొక్కితే దారి దొరకాలి

సేవా సంస్థకు వెబ్‌సైట్ ఇప్పుడు ఆఫీసు గుమ్మం వంటిది. స్కాలర్‌షిప్ కోసం చూసే విద్యార్థి, లెక్కలు చూడదలచిన దాత ముందు అక్కడికే వస్తారు. కనుక దానికి డబ్బిచ్చే వారికీ అందులోని పని కొంత తెలిసి ఉండటం మంచిది.

మొదటి పేజీలో పెద్ద బొమ్మ పెట్టి, దాని భాగాలను నొక్కితే వేర్వేరు పేజీలు తెరుచుకునేలా చేయడానికి రెండు పాత పద్ధతులున్నాయి.

మొదటిది స్లైసులు. బొమ్మను ముక్కలుగా కోసి, అతుకు కనబడకుండా పట్టిక గడుల్లో పేర్చి, ముక్కకొక లింకు ఇస్తారు. 1998లో వచ్చిన ఫైర్‌వర్క్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ కోతను సులువు చేశాయి. అయితే అలా పేర్చిన పేజీ ఫోను తెరకు తగ్గట్టు సర్దుకోదు. అందుకే ఈ పద్ధతి వెనుకబడింది.

రెండవది హాట్‌స్పాట్లు. ఇందులో బొమ్మను కోయరు. గోడ మీది పటంలో ఉపాధ్యాయుడు బెత్తంతో హద్దులు చూపినట్లు, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఏ లింకో కొలతలు రాస్తారు. దీర్ఘచతురస్రం, వృత్తం, బహుభుజి అని ఆకారాలు మూడు. 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 3.2 ప్రమాణంలోనే ఇది ఉంది.

పటాలకు ఇది నేటికీ పనికొస్తుంది. జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, కంచికచర్ల, చందర్లపాడు, వీరులపాడు ఈ ఏడు మండలాల పటం పెట్టామనుకుందాం. మండలాల హద్దులు వంకరటింకరగా ఉంటాయి కాబట్టి బహుభుజి వాడాలి. విద్యార్థి తన మండలాన్ని నొక్కగానే అక్కడి చదువు సాయం వివరాలు వస్తాయి.

చిక్కల్లా కొలతల్లోనే. 1000 పిక్సెళ్ల వెడల్పున్న పటం ఫోనులో 360కి కుదించుకుపోతుంది. హాట్‌స్పాట్ల కొలతలు మాత్రం వాటంతట అవి తగ్గవు. ఒక మండలం నొక్కితే మరొకటి తెరుచుకుంటుంది, లేదా ఏదీ తెరుచుకోదు. ఎస్‌వీజీ రకం బొమ్మలో గీస్తే, లింకులు కూడా బొమ్మతోపాటే చిన్నవవుతాయి.

చూపులేని విద్యార్థి సంగతీ ఆలోచించాలి. ఆండ్రాయిడ్ ఫోనులో తెర మీది విషయాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఉంది. ప్రతి హాట్‌స్పాట్‌కూ ‘ఆల్ట్’ అనే చోట మండలం పేరు రాస్తేనే అది ఆ పేరు పలుకుతుంది.

అందువల్ల బిల్లు చెల్లించే ముందు మూడు పరీక్షలు చేయించండి. చిన్న ఫోనులో ప్రతి మండలాన్నీ నొక్కి చూడాలి. టాక్‌బ్యాక్ పెట్టి వినాలి. పటం కిందనే ఏడు మండలాల పేర్లూ మామూలు అక్షరాల లింకులుగా ఉన్నాయో లేదో చూడాలి. దరఖాస్తు గడువు ముగిసే రోజున ఆ పేజీకి దారి దొరకని పిల్లకు, మనం కేటాయించిన సాయం ఉన్నా లేనట్టే.