మంచం కింద నుండి మన ఇల్లు

మన పల్లెల్లో కుక్కను డబ్బిచ్చి కొని తెచ్చుకున్న ఇల్లు అరుదు. వీధిలో ఈనిన కుక్క పిల్లల్లో ఒకదానిని మనవడు చంకన పెట్టుకొని వస్తాడు. నాయనమ్మ రెండు రోజులు కేకలేస్తుంది. మూడోనాడు తానే చిప్పలో పాలు పోస్తుంది. అంతటితో అది ఇంటి కుక్క అయిపోతుంది. మేము గృహదర్శనానికి వెళ్లినప్పుడు మొదట ఎదురు వచ్చేది అదే. ఏళ్ల తరబడి మన వాకిట బ్రతికే ఈ ప్రాణికి మన కుటుంబం ఎలా కనబడుతుందో ఎప్పుడైనా ఆలోచించామా? ఈ నెల కాస్త మంచం కిందికి వంగి చూద్దాం.

చూద్దాం అన్నాము గాని, కుక్క ఇంటిని కంటితో కంటె ముక్కుతోనే ఎక్కువ తెలుసుకుంటుంది. దాని ముక్కు పక్కల ఉండే చీలికలు గమనించండి. విడిచిన గాలి వాటి గుండా పక్కలకు పోతుంది, కొత్త గాలి ముందు నుండి వస్తుంది. అందుచేత వాసన చెదరదు. ఇంటాయన పొలం నుండి రాగానే అది కాళ్ల దగ్గరికి చేరి అంత శ్రద్ధగా మూచూస్తుందంటే, ఆయన ఏ గట్టున నడిచాడో, ఎవరి గేదె పక్కన నిలబడ్డాడో, దారిలో ఏ కుక్క తగిలిందో అన్నీ ఆ పాదాల మీద ఉన్నాయి గనుక. దానికి అదే దినపత్రిక. "ఛీ, పో" అని కాలితో తోస్తే పేపరు చదివేవాని చేతిలో నుండి లాగేసినట్టే.

రంగుల సంగతి వేరు. కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి, ఎరుపు, పచ్చ విడిగా తెలియవు. 1989లో అమెరికాలో నీట్జ్, గీస్ట్, జేకబ్స్ అనేవారు కుక్కలతో పరీక్షించి ఈ విషయం చెప్పారు. పచ్చగడ్డిలోకి ఎర్రబంతి విసిరి, అది వెదుకుతూ ఉంటే "మొద్దు కుక్క" అని పిల్లలు నవ్వుతారు. పసుపు బంతి వేసి చూడండి.

చెవులు మాత్రం మనకంటె చాలా మేలు. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దగ్గర ఆగిపోతే దానికి సుమారు 45,000 దాకా వినబడుతుంది. నాన్నగారి మోటారుసైకిలు చెరువుగట్టు మీద ఉండగానే అది లేచి వాకిట నిలబడేది ఇందుకే. మరి క్రిస్మస్ ముందు రాత్రి మనం కాల్చే టపాకాయలు ఆ చెవులకు ఏమవుతాయో! అది గాదె కిందికి దూరి వణుకుతుంటే బయటికి ఈడ్చి నవ్వకండి. లోపలి గదిలో ఉంచి తలుపు వేస్తే చాలు.

ఆదివారం మధ్యాహ్నం దాని పండుగ. ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చేసరికి కోడికూర పొయ్యిమీద ఉడుకుతుంటుంది. సువార్తలో కనాను స్త్రీ చెప్పిన బల్లకింది కుక్కపిల్లల వలెనే ఇది కూడ పీట పక్కన చేరుతుంది. ప్రేమతోనే ఎముకలు వేస్తాము. అయితే ఉడికిన ఎముక విరిగితే సూదిలా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. కూరలోని ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను చెరుపుతాయి. మసాలా వేయకముందు రెండు మెత్తని ముక్కలు తీసి అన్నంలో కలిపి పెట్టడం ఇల్లాలికి పెద్ద పని కాదు.

మాకు బాధ కలిగించేది మిరప కోతల కాలం. ఇంటిల్లిపాదీ చేలోకి పోతారు. కోళ్ల మీద పడుతుందని కుక్కను వేపచెట్టుకు గొలుసుతో కట్టేస్తారు. పొద్దున నీడ ఉన్నచోటే కడతారు, అది నిజమే. పొద్దు తిరుగుతుంది, నీడ జరుగుతుంది, గొలుసు జరగదు. నీళ్ల చిప్ప ఎప్పుడో తిరగబడి ఉంటుంది. మనవలె ఒళ్లంతా చెమట పోసి చల్లబడే వీలు దానికి లేదు. అరికాళ్ల దగ్గర కొద్దిపాటి చెమట తప్ప, నాలుక చాచి రొప్పడమే దాని విసనకర్ర. ఒక ఇంట ముసలమ్మ మంచంలో నుండే అరుస్తోంది, "ఒరేయ్, దాన్ని ఇప్పరా, చచ్చిపోద్ది!" విప్పేవారు అక్కడ లేరు. మేమే విప్పాము.

అలా కట్టి ఉంచిన కుక్కకు పారిపోయే దారి ఉండదు గనుక భయం వేస్తే కరవడమే మిగులుతుంది. తినేటప్పుడు పసివాడు తోక లాగితే అది ముందు గుర్రుమంటుంది. మనం "పిల్లవాడి మీదికా?" అని కర్ర తీస్తాము. కుక్క వైపు నుండి చూడండి. గుర్రు అంటే "నాకు భయంగా ఉంది, దూరంగా ఉండు" అని ముందుగా చెప్పడం. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క ఆ చెప్పడం మానేస్తుంది. ఇక తరువాతిసారి చెప్పకుండానే కరుస్తుంది. కొట్టవలసిన పని లేదు, పసివాడిని ఎత్తుకొని పక్కకు తేవాలి.

మరొక సంగతి. రాత్రి వీధిలో ఏ పిచ్చికుక్కో దానిని కరిస్తే తెల్లవారి వచ్చి మనకు చెప్పలేదు. ఎప్పటిలాగే మంచం కింద పడుకుంటుంది, పిల్లల చేతులు నాకుతుంది. కొన్నాళ్లకు జబ్బు బయటపడుతుంది. ఆ చొంగలోనే విషక్రిమి ఉంటుంది. మనిషికి రేబిస్ లక్షణాలు కనబడ్డాక దాదాపు ఎవరూ బ్రతకరు. అయినా కుక్క కరిస్తే కారం అద్దడం, ఆకుపసరు పూయడం, మంత్రం వేయించడం ఇంకా చూస్తున్నాము. గాయాన్ని ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పొట్టమీద 14 సూదులని పెద్దలు ఇప్పటికీ భయపడతారు. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004లో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి కొద్ది సూదులే. డాక్టరు చెబితే గాయం దగ్గర మరొక మందు కూడ వేయించుకోవాలి. చెప్పిన తేదీలు తప్పకూడదు.

కుక్కకు మూడు నెలలు నిండగానే టీకా వేయించి, తరువాత ఏటేటా వేయించాలి. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసఫ్ మైస్టర్ అనే పిల్లవానికి మొదటిగా టీకా వేయించాడు. వాడు బ్రతికాడు. దాని జ్ఞాపకంగా ఆ తేదీన మన తెలుగు రాష్ట్రాల పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. సైకిలు వెనుక బుట్టలో కూర్చోబెట్టి తీసుకొని వెళ్లవచ్చు. తనకు అలవాటైన పిల్లవాడు తల పట్టుకొని పేరు పెట్టి పిలుస్తుంటే కుక్క కదలదు, పని నిమిషంలో అయిపోతుంది.